వీసా దేవుడి ఊరి నుంచి వీసా అడగని దేశానికి



మెహదీపట్నంలో 288డి బస్సెక్కి చివరిదాకా కూర్చుంటే చిలుకూరులో దింపుతుంది. మొయినాబాద్ మండలంలో, గండిపేట చెరువును ఆనుకుని ఉన్న ఊరు. బస్సు దిగేవాళ్లలో కుర్రకారే ఎక్కువ. చేతిలో ఒక అట్టముక్క, దాని మీద 1 నుంచి 108 దాకా అంకెలు, ఇంకో చేతిలో పెన్ను. బాలాజీ గుడి చుట్టూ వడివడిగా తిరుగుతూ ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేస్తుంటారు. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఈ గుళ్లో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టికెట్టూ లేదు. మొక్కంతా కాళ్లతోనే చెల్లించాలి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊపందుకున్న రోజుల్లో ఈ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడిపోయింది. అప్పుడు హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ లేదు. ఇంటర్వ్యూ అంటే రాత్రి రైలెక్కి మద్రాసు పోవాల్సిందే. పోయేముందు చిలుకూరు, వచ్చాక మళ్లీ చిలుకూరు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు. 2023లో అది నానక్‌రామ్‌గూడలో కట్టిన సొంత భవనానికి మారింది. అంటే వీసా ఆఫీసే మెల్లమెల్లగా స్వామి దగ్గరికి జరుగుతూ వచ్చిందన్నమాట.

ఈ గుడి స్థలపురాణంలో ఓ ప్రయాణం ఉంది, అదీ జరగని ప్రయాణం. ఏటా తిరుపతి పోయే భక్తుడొకడికి ఓ ఏడు జబ్బు చేసి కదల్లేకపోయాడట. స్వామి కలలోకి వచ్చి, నువ్వు రాలేకపోతే ఏం, నేనే నీ పక్క అడవిలో ఉన్నాను పో అన్నాడట. పుట్ట తవ్వితే విగ్రహం బయటపడిందని కథ. ప్రయాణం చేయలేనివాడి కోసం వెలిసిన దేవుడు ప్రయాణం చేయాలనుకునేవాళ్లందరికీ ఇలవేల్పు కావడం తమాషాగానే ఉంటుంది.

ఇప్పుడు ఈ ప్రదక్షిణల్లో కొత్త రకం భక్తులు కలిశారు. వాళ్లకు వీసాయే అక్కర్లేదు.

థాయ్‌లాండ్ 2023 నవంబర్ 10 నుంచి భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చింది. మొదట 30 రోజులు, 2024 జులై 15 నుంచి 60 రోజులు. మలేసియా 2023 డిసెంబర్ 1న అదే బాట పట్టింది. వియత్నాం ఈ-వీసా ఇంట్లో కూర్చుని 25 డాలర్లతో తెచ్చుకోవచ్చు. నేపాల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి కాబట్టి టికెట్టు కొనే రోజున ఆ దేశం అధికారిక వెబ్‌సైటు చూడాల్సిందే. మొత్తం మీద, మొదటి ఉద్యోగంలో చేరి ఆరేడు నెలల జీతం దాచుకున్న కుర్రాడికి విదేశం ఇప్పుడు గోవా తర్వాతి మెట్టు. భుజాన ఒక సంచి, నలుగురు దోస్తులు, పది రోజుల సెలవు ఉంటే చాలు.

అయితే వీసా పోయిందంటే పరీక్ష పోయిందని కాదు. పరీక్ష తేదీ మారింది, అంతే. ఒకప్పుడు ప్రయాణానికి నెల ముందే కాన్సులేట్ కిటికీ దగ్గర అడిగే ప్రశ్నలన్నీ ఇప్పుడు ప్రయాణం మొదటి రోజున, విమానాశ్రయం కౌంటర్ దగ్గర అడుగుతున్నారు. ఎందుకు వెళ్తున్నావు, ఎక్కడ ఉంటావు, ఎప్పుడు తిరిగొస్తావు, డబ్బెంత ఉంది? అందుకే చౌక ప్రయాణంలో అన్నిటికంటే బరువైన రోజు మొదటి రోజే. పొదుపు చేయాలంటే మిగతా తొమ్మిది రోజులున్నాయి. మొదటి రోజు మీద మాత్రం చేయకూడదు.

ఎలాగో చూద్దాం. నలుగురిని ఊహించుకోండి. పేర్లెందుకు, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఏ ఊళ్లో వెతికినా ఇలాంటి నలుగురు దొరుకుతారు. ఒకడు మొయినాబాద్ చుట్టుపక్కల కాలేజీలో ఇంజనీరింగ్ చదివి గచ్చిబౌలిలో కొలువులో చేరాడు. రెండోవాడికి పూలతోట ఉంది. చామంతి, బంతి తెంపించి తెల్లారేసరికి గుడిమల్కాపూర్ మార్కెట్టులో దించడం అతని పని. మూడోవాడు డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాలుగోవాడు పదో తరగతి మధ్యలో ఆపేసి చేవెళ్లలో బండ్లు రిపేరు చేస్తాడు. నలుగురిలో చేతినిండా పైసలున్నవాడు ఇతనే కావచ్చు.

బ్యాంకాక్ విమానం అర్ధరాత్రి దాటాక. శంషాబాద్ విమానాశ్రయం దగ్గరే కదా అనిపిస్తుంది. చేవెళ్ల నుంచి నలభై కిలోమీటర్లు అటూఇటూ. అప్పా జంక్షన్ దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఆ పైన దారి సాఫీ. కానీ చేవెళ్ల నుంచి అప్పా దాకా ఉన్న బీజాపూర్ రోడ్డు సంగతి ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లకు తెలుసు. ఇరువైపులా దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు, మధ్యలో ఇరుకు రోడ్డు. చెట్లు నిలవాలా, రోడ్డు వెడల్పు కావాలా అన్న తగవు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. 2025 నవంబర్ 3 పొద్దున ఇదే దారిలో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. కాబట్టి ఇంటి దగ్గర దావత్ చేసుకుని, చివరి గంటలో దోస్తు కారులో ఉరుకుతూ పోయే పద్ధతి పనికిరాదు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరమంటారు. ఈ రోడ్డు మీద వచ్చేవాళ్లు దానికి ఇంకో గంట కలుపుకోవాలి. విమానాశ్రయంలో ఓ గంట ఊరికే కూర్చుంటే పోయేదేమీ లేదు.

ఇక మూట సంగతి. చౌక టికెట్టులో చాలాసార్లు చేతిసంచి ఒక్కటే ఉంటుంది, అదీ 7 కిలోలు. సంచి బరువే కిలోన్నర. ఇంట్లో అమ్మ సకినాలు పెడుతుంది, పల్లిపట్టీలు పెడుతుంది, ఆవకాయ సీసా పెడుతుంది. సకినాలకు అడ్డులేదు. ఆవకాయను మాత్రం భద్రతా తనిఖీ దగ్గర తీసి పక్కన పెట్టిస్తారు. నూనె ఉన్న పచ్చడిని చేతిసంచిలో ఒప్పుకోరు. చాలామందికి తెలియనిది కుడుకల సంగతి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. చేతిసంచిలోనూ కుదరదు, లోపల వేసే పెట్టెలోనూ కుదరదు. మొక్కు తీర్చుకుని ప్రసాదంతో పాటు కుడుకలు కట్టుకుని బయలుదేరినవాడు వాటిని శంషాబాద్‌లో వదిలిపెట్టాల్సిందే. పవర్ బ్యాంకుది ఇందుకు తలకిందులు. అది చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో వేయకూడదు.

బరువు ఎక్కువైతే కౌంటర్ దగ్గర కట్టే సొమ్ము మామూలుగా ఉండదు. బ్యాంకాక్ హాస్టల్‌లో రెండు మూడు రాత్రుల అద్దె అక్కడే కరిగిపోవచ్చు. ఇంట్లో తూకం వేసుకుంటే ఆ బాధ ఉండదు. పూలు తూచే కాటా ఉన్నవాడు జట్టులో ఉండగా ఇంకేం కావాలి?

తర్వాతి గడప ఇమిగ్రేషన్. ఇక్కడ మెకానిక్ మిత్రుడి పాస్‌పోర్టు గురించి నాలుగు మాటలు చెప్పాలి. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అని ఉంటుంది. విదేశాల్లో పనికి పోయి మోసపోకుండా కాపాడటానికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పెట్టిన కట్టుబాటు అది. తెలంగాణ పల్లెల్లో చాలాకాలం విమానం ఎక్కడమంటే దుబాయి, మస్కట్, సౌదీలకు కూలికి పోవడమే. ఈసీఆర్ అన్న మూడక్షరాలు కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఈ కట్టుబాటు వర్తించే దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలే కాదు, థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా కూడా ఉన్నాయి. మనవాళ్లు చౌకగా తిరిగొద్దామని ఎంచుకునే దేశాలు సరిగ్గా ఇవే. ఉద్యోగానికి కాక విహారానికి పోయేవాడికి ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. కానీ నిజంగా విహారానికే అని చూపించాలి. తిరుగు టికెట్టు, హాస్టల్ బుకింగ్, ఖర్చుకు డబ్బు కాగితం మీద ఉంటే మాట తడబడినా పనవుతుంది.

అధికారులు ఇంత గుచ్చిగుచ్చి అడగడానికి కారణం ఉంది. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగం అని నమ్మించి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడి సైబర్ మోసాల కేంద్రాల్లో పడేసే ముఠాలు తెలుగు కుర్రాళ్లను కూడా మింగాయి. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాలు థాయ్‌లాండ్‌లోని మేసోట్ నుంచి రెండు రోజుల్లో ఐదు వందల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చాయి. వాళ్లలో తెలుగు రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది మొదటి రోజు మామూలు పర్యాటకుల మాదిరిగానే దిగినవాళ్లు. కాబట్టి పాతికేళ్ల కుర్రాడు భుజాన ఒక్క సంచితో బ్యాంకాక్ పోతానంటే ఆఫీసరు రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు. కోపం తెచ్చుకోవాల్సిన పనిలేదు. నలుగురూ ఒకే మాట చెప్పడం ముఖ్యం. ఒకడు పట్టాయా అని, ఇంకొకడు ఫుకెట్ అని చెబితే నలుగురినీ పక్కకు నిలబెడతారు.

ఇంకొక హెచ్చరిక కూడా ఇక్కడే. బ్యాంకాక్ నుంచి వచ్చేవాళ్ల సంచుల్లో హైడ్రోపోనిక్ గంజాయి దొరికిన కేసులు శంషాబాద్‌లో ఒకదాని వెనుక ఒకటి బయటపడ్డాయి. తెలిసినవాడైనా, తెలియనివాడైనా, ఈ చిన్న పొట్లం మావాడికి ఇవ్వు అంటే పోయేటప్పుడూ వద్దు, వచ్చేటప్పుడూ వద్దు.

విమానం మూడున్నర గంటలు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. రాత్రి ఒంటిగంటకు ఇక్కడ లేస్తే అక్కడ తెల్లవారి ఆరింటికి దింపుతుంది. నలుగురికీ నిద్ర లేదు. దిగిన విమానాశ్రయం పేరు సువర్ణభూమి. తెలుగు చెవికి ఇంపుగానే ఉంటుంది. అందులో దేవాసురులు పాము పట్టుకుని చిలుకుతున్న పెద్ద క్షీరసాగర మథనం బొమ్మ ఉంది. కానీ అది బయలుదేరేవాళ్ల హాలులో ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలోనే కనబడుతుంది. కొన్ని చౌక విమానాలు ఇంకో విమానాశ్రయం డాన్ ముయాంగ్‌లో దిగుతాయి. ఏది తమదో టికెట్టు మీద చూసుకోకపోతే తిరుగు ప్రయాణం రోజున ఊరికి ఆ చివరా ఈ చివరా పరుగులు తప్పవు.

ఇక్కడి కౌంటర్‌లో అడిగేది ముందుగా డిజిటల్ రాక కార్డు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ దాన్ని తప్పనిసరి చేసింది. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు, పూర్తిగా ఉచితం. డబ్బడిగే వెబ్‌సైటు ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు. అందులో మొదటి రాత్రి ఉండే చోటు చిరునామా రాయాలి. వెళ్లాక చూసుకుందాంలే మామా అనుకున్నవాళ్లకు చెక్ పడేది ఈ గడి దగ్గరే.

డబ్బు విషయం కొంచెం నిలిచి చెప్పుకోవాలి. భారతీయుడు దేశం దాటేటప్పుడు రూపాయి నోట్లు 25,000 మించి తీసుకుపోకూడదు. తీసుకుపోయినా అక్కడ రూపాయికి మంచి ధర రాదు. ఇక్కడే మార్చుకున్న డాలర్లు కొన్ని, బ్యాంకు కార్డు ఒకటి ఉంటే నయం. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుతో ఒకసారి తీస్తే రెండు వందల బాట్లకు పైగా రుసుం పట్టుకుంటాయి. బాట్ అంటే రెండున్నర రూపాయల పైచిలుకు. అంటే ఒక్క నొక్కుకు ఐదొందలకు పైగా! నలుగురూ వేర్వేరుగా వెయ్యి వెయ్యి బాట్లు తీస్తే నాలుగు రుసుములు. ఒక్కడే తీసి పంచితే ఒకటే. మిషను రూపాయల్లో కావాలా, బాట్లలో కావాలా అని అడుగుతుంది. ఇంటి మీద బెంగతో రూపాయలు నొక్కకూడదు, వాళ్ల రేటుతో లెక్క కట్టి నష్టపరుస్తుంది. బాట్లే నొక్కాలి. నోట్లు మార్చాలంటే పై అంతస్తులో కనబడగానే పిలిచే బ్యాంకు కౌంటర్ల కన్నా, రైలు ఎక్కే అడుగు అంతస్తులోని కౌంటర్లలో రేటు బాగుంటుంది. మన ఫోన్‌పే, గూగుల్‌పే అలవాటు అక్కడి వీధిలో అక్కరకు రాదు. శ్రీలంక, మారిషస్‌లలో మన యూపీఐ 2024 ఫిబ్రవరి 12న మొదలైంది కానీ, బ్యాంకాక్ బండి దగ్గర దాన్ని నమ్ముకుని ఆర్డరివ్వకూడదు.

ఊళ్లోకి పోవడానికి రైలుంది. 2010లో మొదలైన ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కువలో ఎక్కువ 45 బాట్లతో అరగంటలో ఫయాథాయ్ చేరుస్తుంది. ఒంటరి ప్రయాణికుడికి అదే మేలు. నలుగురుంటే మీటరు టాక్సీ కూడా మోసం కాదు. నాలుగైదు వందల బాట్లను నలుగురు పంచుకుంటే తలకు నూరో, నూటపాతికో పడుతుంది, హాస్టల్ గుమ్మం దాకా దింపుతుంది. నిద్రలేని నలుగురు, నాలుగు సంచులు, తెలియని ఊరు, నెత్తిన ఎండ. ఈ పరిస్థితుల్లో తలకు యాభై బాట్లు మిగిల్చి రెండు గంటలు తిరగడాన్ని పొదుపు అనలేం. బయట నిలబడి మీటరు లేదు, ఇంతిస్తే వస్తా అనేవాణ్ని మాత్రం వదిలి, యంత్రం ఇచ్చే చీటీ తీసుకుని వరుసలో ఉన్న టాక్సీ ఎక్కాలి.

చౌకగా తిరిగేవాళ్లకు బ్యాంకాక్‌లో మొదటి చిరునామా ఖావ్‌సాన్ రోడ్డు. ఒకప్పుడు బియ్యం వ్యాపారం నడిచిన వీధి. 1980ల నుంచి విదేశీ కుర్రకారుకు గదులు అద్దెకివ్వడం మొదలై ప్రపంచమంతా పేరు మోగింది. అలెక్స్ గార్లాండ్ 1996లో రాసిన ‘ది బీచ్’ నవల కథ మొదలయ్యేది ఈ వీధిలోనే. అసలు ఇట్లాంటి ప్రయాణాలకు ఊతమిచ్చింది రెండు సంగతులు. ఒకటి, రిషార్డ్ షిర్మాన్ అనే జర్మన్ బడిపంతులు 1912లో అల్టేనా కోటలో తెరిచిన యూత్ హాస్టల్. రెండు, టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు లండన్ నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా చేరి 1973లో అచ్చువేసిన చిన్న పుస్తకం. దాని నుంచే లోన్లీ ప్లానెట్ పుట్టింది. సిడ్నీలో దిగేసరికి వాళ్ల చేతిలో 27 సెంట్లే మిగిలాయన్న కథ ప్రయాణప్రియులంతా చెప్పుకుంటారు.

ఆ 27 సెంట్ల కథ వినడానికి ఎంత బాగుంటుందో, మన కుర్రాళ్లకు అంత హాని చేస్తుంది. వీలర్లవి బ్రిటిష్ పాస్‌పోర్టులు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో వాళ్లకు పని దొరకడం కష్టం కాదు. చేవెళ్ల కుర్రాడు 27 సెంట్లతో ఏ దేశం కౌంటర్ దగ్గర నిలబడ్డా వచ్చిన విమానంలోనే వెనక్కి పంపుతారు. చేతిలో పైసా లేకుండా లోకం చుట్టడం గొప్ప అనే మాట అందరి పాస్‌పోర్టులకూ ఒకేలా వర్తించదు. తెలుగులో ఉమా తెలుగు ట్రావెలర్ లాంటి యూట్యూబ్ చానళ్లు వచ్చాక పల్లె కుర్రాళ్లకు కూడా విదేశం మీద ధైర్యం వచ్చింది, అది మంచిదే. కాకపోతే ఏ వీడియో అయినా అరగంటే. ఎడిటింగ్‌లో పోయే మిగతా ఇరవై మూడున్నర గంటలే మొదటి రోజున మనల్ని కూర్చోబెట్టి పాఠం చెబుతాయి.

ఆ గంటల్లో అతి పెద్దది హాస్టల్ ముందు కాచుకునే సమయం. విమానం ఆరింటికి దిగింది, వీళ్లు తొమ్మిదింటికి హాస్టల్ చేరారు. మంచం ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. డార్మిటరీలో ఒక్క మంచం మూడు నాలుగు వందల బాట్లు. కింద ఒకటి, పైన ఒకటి మంచాలు, కర్ర నిచ్చెన, తలాపున ఫోను పెట్టే ప్లగ్గు, పక్కన ఇనుప అర. అరకు తాళం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ముప్పై రూపాయల తాళం బేగంబజార్‌లో కొనుక్కుని పోతే సరే, లేకపోతే రిసెప్షన్‌లో దానికి నాలుగింతలు. నలుగురూ రిసెప్షన్ ముందు సోఫాలో వాలి, ఒకరి భుజం మీద ఒకరు తూగుతుంటారు. సరిగ్గా ఇక్కడే మొదటి కొట్లాట మొదలవుతుంది. ఊరికే కూర్చోవడమెందుకు, ఊరు చూద్దాం అంటాడొకడు. నాకు నిద్ర కావాలి అంటాడింకొకడు.

దీనికి విరుగుడు బుకింగ్‌లో ఉంది. తెల్లవారుజామున దిగేవాళ్లు ముందు రాత్రికి కూడా మంచం తీసుకుని, ఫలానా టైముకు వస్తామని హాస్టల్‌కు ఒక్క ముక్క రాసి పెట్టుకోవాలి. తలకు వెయ్యి రూపాయలు ఎక్కువవుతుంది. కానీ తొమ్మిదింటికి స్నానం చేసి పడుకోవచ్చు. పడుకోని మందిలో ఎవరో ఒకరు ఫోను టాక్సీలో మరచిపోవడమో, పాస్‌పోర్టు జిరాక్స్ షాపులో వదిలేయడమో జరుగుతుంది. దానికయ్యే ఖర్చు ముందు ఈ వెయ్యి ఏపాటిది? ఇంత ఇష్టం లేకపోతే సంచులు రిసెప్షన్‌లో పడేసి దగ్గర్లోనే తిరగాలి. చాలా హాస్టళ్లు సంచులు ఉచితంగానే ఉంచుకుంటాయి.

దగ్గర్లోనే అనడానికి కారణం ఇంకొకటుంది. ఖావ్‌సాన్ నుంచి రాజప్రాసాదం నడక దూరం. దారిలో శుభ్రమైన చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురొస్తాడు. ప్యాలెస్ ఈ రోజు మూసేశారు బాబూ, ఏదో పూజ ఉంది అంటాడు. అయ్యో అనేలోగా టుక్‌టుక్ ఆటో పక్కన ఆగుతుంది. ఇరవై బాట్లకు మూడు గుళ్లు తిప్పుతానంటాడు. మూడో గుడి తర్వాత బండి ఆగేది రత్నాల దుకాణం ముందు, లేదా సూట్లు కుట్టే షాపు ముందు. ఈ మోసం బ్యాంకాక్‌లో దశాబ్దాలుగా నడుస్తోంది, ప్యాలెస్ గేటు దగ్గర మైకులో హెచ్చరించినా మానలేదు. ప్యాలెస్ మామూలుగా పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా తెరిచే ఉంటుంది. గేటు దాకా నడిచిపోయి సొంత కళ్లతో చూస్తే చాలు. విదేశీయులకు టికెట్టు 500 బాట్లు. మోకాళ్ల పైకి నిక్కరు, చేతుల్లేని బనియను వేసుకుంటే లోనికి రానివ్వరు. లోపల పచ్చబుద్ధుడి గుడి ప్రాకారం గోడల మీద వాళ్ల రామాయణం, రామకియన్, 178 ఘట్టాలుగా గీసి ఉంది. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. నిద్ర చాలని కళ్లతో చూసే బొమ్మలు కావవి, రెండో రోజు పొద్దునకు దాచుకోవాలి.

మొదటి రోజు సాయంత్రానికి చావ్‌ఫ్రయా నది చాలు. ఖావ్‌సాన్ పక్కనే ఫ్రా ఆథిత్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కితే 16 బాట్లు, ఎక్కడ దిగినా అదే ధర. పొద్దుగూకే వేళ వాట్ అరుణ్ గుడి గోపురం మీద పడే వెలుగుకు టికెట్టు లేదు.

తిండి దగ్గర తెలంగాణ కుర్రాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండకూడదు. అన్నం ఉంది, పచ్చిమిరప ఉంది, రోట్లో దంచే బొప్పాయికాయ సలాడ్ ఉంది. అయితే కూరలో చేప పులుసునీరు, రొయ్యల ముద్ద పడతాయి, శాకాహారి ముందే చెప్పుకోవాలి. శాకాహారం దొరికే బండ్ల మీద పసుపు రంగు మీద ఎర్ర గుర్తు ఉన్న చిన్న జెండా ఉంటుంది. వీధి బండిలో 60, 70 బాట్లకు పూట గడుస్తుంది. జనం మూగిన బండి దగ్గర తినడం మేలు, ఖాళీగా ఉన్నదాని దగ్గర నిన్నటిది కూడా ఉండొచ్చు. మొదటి రోజే తేలు, మిడత వేపుడు తిని ఫొటో పెట్టాలన్న ఉబలాటం కడుపుకు తగదు.

స్నేహం నిలవాలంటే లెక్క నిలవాలి. ఎవని పైసలు వానివే అనుకుంటే ప్రతి నీళ్లసీసా దగ్గరా వాదన. నలుగురూ రోజుకు తలా ఇంత అని ఒక డబ్బీలో వేసి, ఒకడు పద్దు రాస్తే గొడవ ఉండదు. ఆ పని పూలతోట మిత్రుడికి అప్పగించడం మంచిది. మార్కెట్టులో రోజూ కమీషన్ లెక్క తేల్చుకునేవాడు ఆరు బాట్ల తేడా కూడా పట్టుకుంటాడు. పాస్‌పోర్టులు మాత్రం నాలుగూ ఒకడి దగ్గర పెట్టకూడదు, ఆ ఒక్క సంచి పోతే నలుగురూ రాయబార కార్యాలయం మెట్లెక్కాలి. మెకానిక్ మిత్రుడికి బండి అద్దెకు తీసుకోవాలని చేయి దురద పెడుతుంది. థాయ్‌లాండ్‌లోనూ మనలాగే ఎడమవైపే నడుపుతారు కాబట్టి ధైర్యం ఇంకా ఎక్కువ. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే బీమా కంపెనీ చేతులు దులుపుకుంటుంది. వెయ్యి రూపాయల ఫీజు కట్టి ఊళ్లోనే తీసుకోవాల్సిన కాగితం అది.

మొదటి రోజు జాగ్రత్త మనకు కొత్తదేమీ కాదు. తన కాశీయాత్రను పుస్తకంగా రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18 రాత్రి చెన్నపట్నం నుంచి బయలుదేరారు. ఏడాదికి పైగా సాగిన ప్రయాణం, వెంట పెద్ద పరివారం. కానీ ఆ మొదటి రాత్రి ఆయన చేసిన మజిలీ పక్కనే ఉన్న మాధవరం. పూర్వం దూరం పోయేవాళ్లు మొదటి రోజున ఊరి పొలిమేర దాటి ఆగేవారు. మరచిన వస్తువు ఏదో, తగ్గిన మనిషి ఎవరో ఆ రాత్రి తెలిసిపోయేది. వెనక్కి మనిషిని పంపి తెప్పించుకునే వీలుండేది. మూడున్నర గంటల్లో దేశం దాటించే విమానంలో ఆ వీలు లేదు. అందుకని ఆ మాధవరం మజిలీ ఇంట్లోనే చేయాలి. ప్రయాణానికి రెండు రోజుల ముందు నలుగురూ ఒకరి ఇంట్లో కూడి, సంచులు నేల మీద కుమ్మరించి, కాగితాలన్నీ చదువుకుని, మళ్లీ సర్దుకుంటే మొదటి రోజు గండాల్లో సగం అక్కడే గట్టెక్కుతాయి.

చివరిగా ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు పోతామంటే ఆపకండి, పోనివ్వండి. పోయేముందు వాళ్ల చేత ఒక తెల్లకాగితం మీద రాయించి ఇంట్లో గోడకు అంటించండి. విమానం నంబరు, దిగే విమానాశ్రయం పేరు, హాస్టల్ చిరునామా, నలుగురి ఇళ్ల ఫోన్ నంబర్లు, పాస్‌పోర్టు మొదటి పేజీ జిరాక్సు. దిగి అక్కడి సిమ్ వేసుకునేదాకా ఫోను కలవకపోవచ్చు, గాభరా పడకండి. థాయ్‌లాండ్‌లో పర్యాటకుల సాయానికి పనిచేసే టూరిస్ట్ పోలీసు నంబరు 1155. దాన్ని కూడా ఆ కాగితం మీద రాయించండి.